గురువు దగ్గర నేర్చిన బలం: కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

కొత్తగూడెం: బొగ్గుగనిలో కొలువు దొరికిన యువకుడు నేరుగా భూగర్భంలోకి దిగడు. ముందు వృత్తి శిక్షణ కేంద్రంలో పాఠాలు వినాలి. ఆపై అనుభవజ్ఞుని వెంట తిరుగుతూ పని తెలుసుకోవాలి. పైకప్పును కర్రతో తట్టి ఆ చప్పుడును బట్టి అపాయాన్ని ఎలా పసిగట్టాలో, గాలి తగ్గిన చోట ఎలా మసలుకోవాలో నేర్వనిదే అతని చేతికి పని ఇవ్వరు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమావళి విధించిన క్రమమిది. కండబలం ఎంత ఉన్నా శిక్షణ లేనివాడు గనిలో తనకూ, పక్కవానికీ ప్రమాదకారి అవుతాడన్నది సింగరేణి కార్మిక కుటుంబాలకు ఒకరు చెప్పవలసిన సంగతి కాదు.

ఇదే నియమం వర్తించే వృత్తి మరొకటి ఉంది. అది సర్కస్. మైదానంలో డేరా లేచిందంటే షిఫ్టు దిగిన కార్మికులు పిల్లాపాపలతో బయలుదేరిన రోజులు బొగ్గు పట్టణాల పాత తరం వారికి నేటికీ గుర్తే. ఊయల నుంచి ఊయలకు ఎగిరే యువతిని చూసి గుండె చిక్కబట్టుకున్న వారిలో, ఆమె ఎన్నేళ్లు, ఎవరి వద్ద, ఏ బడిలో అభ్యసించి ఉంటుందని ఆలోచించిన వారు బహుకొద్దిమంది. సర్కస్ అనగానే తెలుగువారికి స్ఫురించే తొలి పేరు కోడి రామ్మూర్తి నాయుడు విషయంలోనూ జరిగినది ఇదే. ఆయన గుండెపై నిలిచిన ఏనుగు అందరికీ గుర్తుంది. ఆయన చదివిన పాఠం మాత్రం మరుగున పడింది.

వీరఘట్టం నుంచి విజయనగరానికి

రామ్మూర్తి 1882లో వీరఘట్టంలో జన్మించారు. నాడు అది మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు ప్రాంతం. అనంతర కాలంలో శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022లో జరిగిన పునర్విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనంలోనే తల్లిని కోల్పోయిన బాలుడు చదువుపై శ్రద్ధ చూపక, ఆటలకూ సాహసాలకూ అలవాటు పడ్డాడు. దారి తప్పుతాడేమోనన్న బెంగతో తండ్రి అతనిని విజయనగరంలో ఉన్న తన సోదరుడు నారాయణస్వామి ఇంటికి పంపారు. ఆయన పోలీసు శాఖలో ఉద్యోగి.

అల్లరి పిల్లవానిని ఆ పినతండ్రి దండించి ఊరుకోలేదు. తీసుకువెళ్లి వ్యాయామశాలలో చేర్పించారు. రామ్మూర్తి జీవితాన్ని మలుపు తిప్పిన తొలి నిర్ణయం అదే. విజయనగరం నాడు సంస్థాన రాజధాని. సంగీత సాహిత్యాలతో పాటు మల్లవిద్యకూ ఆదరణ ఉన్న పట్టణం. తెల్లవారుజామున లేచి దండీలు, బస్కీలు తీయడం, గోదాలోకి దిగి కుస్తీ పట్టడం, తిండికీ నిద్రకూ ఒక వేళ పాటించడం ఆ బాలుడు అక్కడే అలవరచుకున్నాడు. పెడదారి పట్టవలసిన శక్తికి క్రమశిక్షణ అనే గట్టు పడింది.

సైదాపేటలో ఒక సంవత్సరం

కుస్తీలో పేరు వచ్చిన యువకుడు ఆ కాలంలో సాధారణంగా ఏదో ఒక జమీందారు ఆస్థానంలో మల్లుడిగా కుదురుకునేవాడు. రామ్మూర్తి ఆ బాట పట్టలేదు. మద్రాసు చేరువలోని సైదాపేటలో ఒక సంవత్సరం పాటు వ్యాయామ శిక్షణ పొంది, ఉపాధ్యాయునిగా పనిచేసే యోగ్యతాపత్రం సంపాదించారు. దేశంలో వ్యాయామ విద్యకు ఆధునిక కళాశాలగా పేరు పొందిన వైఎంసీఏ కళాశాలను హెచ్.సి. బక్ మద్రాసులో ప్రారంభించినది 1920లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒక మారుమూల గ్రామ యువకుడు దేహ సాధనను ఒక శాస్త్రంగా చదువుకోవడానికి రాజధానికి ప్రయాణమయ్యాడన్న విషయం గమనించదగినది.

గోదాలో నేర్చిన విద్యకూ, శిక్షణాలయంలో నేర్చిన విద్యకూ తేడా ఉంది. గోదాలో గురువు చేసి చూపితే శిష్యుడు అనుసరిస్తాడు. శిక్షణాలయంలో ఏ వ్యాయామం ఏ కండరానికి పని చెబుతుందో, ఏ వయసు వారికి ఏది తగునో, పదిమందిని ఒక వరుసలో నిలబెట్టి ఎలా నేర్పాలో కూడా తెలుసుకోవాలి. అంటే అక్కడ నేర్చేది చేయడం ఒక్కటే కాదు, చేయించడం కూడా. విజయనగరం తిరిగి వచ్చిన రామ్మూర్తి తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయునిగా చేరారు. మునుపు చదువుపై మనసు నిలపలేకపోయిన బాలుడు అదే ప్రాంగణంలో పంతులయ్యాడు. తరువాతి కాలంలో దేశమంతటా ఆయనకు స్థిరపడిన ప్రొఫెసర్ రామ్మూర్తి అన్న పిలుపు ఈ ఉపాధ్యాయ వృత్తిని గుర్తుకు తెస్తుంది.

ఊపిరిని బిగబట్టే విద్య

రామ్మూర్తి ప్రదర్శనలలో మూడింటి గురించి జనం విశేషంగా చెప్పుకునేవారు. ఛాతీకి బిగించి కట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచడం ఒకటి. రెండు భుజాలకు కట్టిన గొలుసులతో రెండు మోటారు కార్లను కదలకుండా ఆపడం రెండోది. గుండెపై పలక పరిపించుకుని దాని మీదికి ఏనుగును ఎక్కించుకోవడం మూడోది. ఇరవయ్యొకటో ఏటనే టన్నున్నర బరువును గుండెపై మోశారనీ, సాధనతో దానిని మూడు టన్నులకు పెంచారనీ ఆయన జీవితకథలు చెబుతున్నాయి.

చూసేవారికి ఇది దైవదత్తమైన శక్తిగానో, మంత్రంగానో తోచేది. ఆయన మాత్రం ప్రాణాయామాన్ని ఆశ్రయించారు. వాయుస్తంభన, జలస్తంభన విద్యలలో ఆయనకు ప్రావీణ్యం ఉండేదని ప్రతీతి. ఊపిరితిత్తుల నిండా గాలి నింపి బిగబట్టినప్పుడు, ఛాతీ కండరాలు, పొత్తికడుపు కండరాలు ఏకకాలంలో బిగుసుకున్నప్పుడు మొండెం గాలి నింపిన తిత్తివలె గట్టిపడుతుంది. వెడల్పాటి పలక బరువును ఒక్కచోట గుచ్చుకోనీయక దేహమంతటా పరచివేస్తుంది. అయినా పట్టు ఒక్క క్షణం సడలితే పక్కటెముకలు మిగలవు. ఆ క్షణం రాకుండా చూసుకోవడానికే ఏళ్ల తరబడి సాధన. బరువును కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఊపిరి నిలిపే కాలాన్ని కొద్దికొద్దిగా పొడిగించుకుంటూ సాగే ఈ పద్ధతిలో మాయ ఏమీ లేదు. ఆయన శాకాహారి కావడం నాటివారిని మరింత ఆశ్చర్యపరచింది. మాంసం తినకుండా ఇంతటి బలం సాధ్యమా అన్న ప్రశ్నకు ఆయన దేహమే సమాధానమైంది.

ఉపాధ్యాయుడు సర్కస్ అధిపతి అయ్యాడు

బడిలో జీతానికి పనిచేస్తున్న రామ్మూర్తిని సర్కస్ స్థాపనకు ప్రోత్సహించినది మిత్రుడు పొట్టి పంతులు. తుని రాజావారి ఆదరణ తోడయింది. అప్పటికి భారతీయ సర్కస్‌కు ఎంతో కాలం నిండలేదు. మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో తన గ్రేట్ ఇండియన్ సర్కస్‌ను తొలిసారి ప్రదర్శించారు. విదేశీ కంపెనీలను చూసి చప్పట్లు కొడుతున్న దేశంలో మనవారూ ఇది చేయగలరని నిరూపించడం ఆనాడు వినోదమే కాదు, ఒక రకమైన స్వదేశీ ఉద్యమం కూడా. జర్మన్ మల్లుడు యూజీన్ శాండో 1905 ప్రాంతంలో భారతదేశంలో పర్యటించి వెళ్లారు. ఆ ప్రభావం ఇంకా చల్లారకముందే తెలుగు నేల నుంచి రామ్మూర్తి లేచారు. జనం ఆయనను ఇండియన్ శాండో అని పిలుచుకున్నారు.

ఆ డేరా తెలుగు జిల్లాలకే పరిమితం కాలేదు. మద్రాసు, పూనా, అలహాబాదు, కలకత్తా వంటి నగరాలలో రామ్మూర్తి పేరు మార్మోగింది. పూనాలో బాలగంగాధర తిలక్ ఆయనను మల్లమార్తాండ బిరుదుతో గౌరవించారనీ, మదనమోహన మాలవీయ విదేశయాత్రకు ప్రోత్సహించారనీ చరిత్రకారులు రాశారు. వైస్రాయి లార్డ్ మింటో తన కారును ఆపమని పరీక్ష పెట్టగా, గొలుసు పట్టి నిలిపివేశారన్న కథ ఉత్తరాంధ్రలో ఇంటింటా ప్రచారంలో ఉంది. లండనులో అయిదో జార్జి చక్రవర్తి దంపతుల సమక్షంలో ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారన్నది మరో ఘట్టం. స్పెయిన్‌లో మదించిన ఎద్దు కొమ్ములు వంచిన వైనాన్ని, రంగూన్‌లో ప్రాణాపాయం తప్పించుకున్న వైనాన్ని పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. స్వదేశంలో మాత్రం అన్ని బిరుదులనూ మించి నిలిచిన పేరు కలియుగ భీముడు.

ఈ విజయయాత్రలో మరవకూడని అంశం ఒకటి ఉంది. సర్కస్ ఒక్కరితో నడిచేది కాదు. తీగపై నడిచేవారు, గుర్రపు స్వారీ చేసేవారు, మృగాలను ఆడించేవారు, గుంజలు పాతి డేరా లేపేవారు ఉంటేనే ఆట సాగుతుంది. గనిలో ఒకరి ప్రాణం మరొకరి జాగ్రత్తపై ఆధారపడినట్లే, డేరాలో ఎగిరే వాని ప్రాణం పట్టుకునే వాని చేతిలో ఉంటుంది. ఇంతమందిని ఒక్క తాటిపై నడిపిన శక్తి కండలది కాదు. అది సైదాపేటలో అలవడి, విజయనగరం బడిలో పదునెక్కిన బోధనాశక్తి.

సంపద కరిగింది, దేహం ఒరిగింది

రామ్మూర్తి లక్షలు ఆర్జించారు. చేతికి ఎముక లేదన్నట్లు దానాలు చేశారు. జాతీయోద్యమానికీ, ప్రజోపయోగ సంస్థలకూ విరాళాలు ఇచ్చారన్న ఖ్యాతి ఆయనకు ఉంది. అయితే సర్కస్ సంపాదన ఏనాడూ నిలకడైనది కాదు. ఊరూరా సరంజామా తరలించాలి, మనుషులనూ జంతువులనూ పోషించాలి. ప్రధాన ఆకర్షణ యజమాని దేహమే అయినప్పుడు, ఆ దేహం అలసిన నాడు డేరా కూడా అలసిపోతుంది.

అలాగే జరిగింది. కాలిపై లేచిన రాచపుండు ముదిరి, చివరకు కాలు తీసివేయక తప్పలేదు. మత్తుమందు తీసుకోకుండా ప్రాణాయామ నిష్ఠలో ఆ శస్త్రచికిత్సకు తట్టుకున్నారని చెబుతారు. రెండు కార్లను ఆపిన వ్యక్తి ఊతకర్ర లేనిదే అడుగు వేయలేని స్థితికి చేరారు. సంపాదించినది కరిగిపోయింది. చివరి రోజులలో ఒరిస్సాలోని పట్నా సంస్థానాధీశుల ఆశ్రయంలో బలంగీర్‌లో గడిపి, 1942 జనవరి 16న కన్నుమూశారు. సంక్రాంతి రోజులవి. పుట్టిన ఊరికి దూరంగా ఆ జీవితం ముగిసింది.

శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఆయన పేరు పెట్టారు. విశాఖపట్నం సాగరతీరంలో ఆయన విగ్రహం నిలిచింది. గౌరవానికి లోటు లేదు. లోటు ఉన్నది మరొక చోట.

మరో వ్యాయామ పంతులు, మరో పట్టణం

రామ్మూర్తి జీవించిన కాలంలోనే కేరళలోని తలశ్శేరిలో మరొక వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండేవారు. ఆయన పేరు కీలేరి కున్హికణ్ణన్. క్రైస్తవ మిషన్ పాఠశాలలో పిల్లలకు కసరత్తులు నేర్పేవారు. కలరి విద్యలో దిట్ట. తలశ్శేరికి డేరాతో వచ్చిన విష్ణుపంత్ ఛత్రే, కళాకారులకు శిక్షణ ఇచ్చే బాధ్యతను ఈ ఉపాధ్యాయునికి అప్పగించారు. 1901లో కున్హికణ్ణన్ తలశ్శేరి సమీపంలోని చిరక్కరలో సర్కస్ పాఠశాల ప్రారంభించారు. ఆయన 1939లో మరణించారు. అంటే రామ్మూర్తి కన్నా మూడేళ్ల ముందు.

కున్హికణ్ణన్ గుండెపై ఏనుగు ఎక్కలేదు. చక్రవర్తులు బిరుదులివ్వలేదు. కానీ ఆయన శిష్యులు దేశాన్ని నింపారు. తాడుపై అద్భుతాలు చేసిన కణ్ణన్ బొంబాయో ఐరోపా, అమెరికా సర్కస్‌లలో తారగా వెలిగారు. ఆయన వద్ద పాఠం నేర్చిన ఎం.వి. శంకరన్ 1951లో జెమిని సర్కస్‌ను నెలకొల్పారు. ఆయన మరణించినది 2023లో. అంటే గురువు గతించిన ఎనభై ఏళ్ల తరువాత కూడా ఆ బడి విద్యార్థి ఒకరు మన మధ్య ఉన్నారు. తెలుగు పట్టణాలలో డేరా వేసిన సర్కస్‌లలోనూ అధిక భాగం కళాకారులు, శిక్షకులు మలయాళీలే కావడానికి మూలం ఆ చిరక్కర బడిలో ఉంది.

ఆ బడిలో పాఠం నేల మీద మొదలయ్యేది. ముందు పిల్లిమొగ్గలు, నడుము వంపులు, చేతులపై నడక. తరువాత కడ్డీ, తాడు, ఊయల. ఎగరడం కంటే ముందు పడడం నేర్పడం ఈ విద్యలో అన్నిచోట్లా ఉన్న పద్ధతి. వల మీద కాళ్లతో పడితే చీలమండ విరుగుతుంది, తలకిందులుగా పడితే మెడ విరుగుతుంది. గాలిలోనే ఒళ్లు తిప్పుకుని వీపుపై వాలడం అలవాటైన తరువాతే ఊయల చేతికి ఇస్తారు. గనిలో ముందుగా బయటపడే దారి చూపించి, తరువాత బొగ్గు చూపించినట్లే.

విజయనగరం చెప్పే పాఠం

రామ్మూర్తిని పెంచిన విజయనగరంలోనే 1919లో మహారాజా వారు సంగీత కళాశాల నెలకొల్పారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ పీఠాన్ని అలంకరించారు. ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడే చదువుకున్నారు. ఒక పట్టణం తన సంగీతానికి బడి కట్టుకుంది కనుక ఆ విద్య గురువులతో ఆగిపోలేదు, శిష్యులలో కొనసాగింది. అదే పట్టణం తన మల్లవీరునికి చప్పట్లు కొట్టింది, బిరుదులు చూసి గర్వించింది. ఆయన విద్యకు మాత్రం అటువంటి బడి కట్టుకోలేదు. అందుకే ఘంటసాల తరువాత గాయకులు వచ్చారు గానీ, రామ్మూర్తి తరువాత రామ్మూర్తి రాలేదు.

శిక్షణ ఉన్న చోట ఫలితం ఎలా ఉంటుందో ఆ ఉత్తరాంధ్రే తరువాత మరోసారి చూపింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట వ్యాయామశాలలో బరువులెత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. ఆ నేలలో బలం ఇంకిపోలేదు. దానికి గురువు దొరికిన నాడు పతకమైంది.

ఇప్పుడు ఎందుకు గుర్తు చేసుకోవాలి

సర్కస్ రోజులు మారాయి. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతుల ప్రదర్శనను నిషేధిస్తూ కేంద్రం ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2001లో సమర్థించింది. పిల్లలను సర్కస్‌లో పనికి పెట్టుకోరాదని 2011లో ఆదేశించింది. పేద తల్లిదండ్రుల నుంచి పసివారిని తెచ్చి, డేరాలోనే బంధించి, దెబ్బలతో నేర్పిన చోట్లు బయటపడిన దరిమిలా వచ్చిన తీర్పు అది. న్యాయమైన తీర్పే. అయితే ఏళ్ల తరబడి డేరాయే బడిగా సాగిన వ్యవస్థ దానితో ముగిసింది. ఆ స్థానంలో నిజమైన బడి రావలసి ఉండగా రాలేదు. కేరళ ప్రభుత్వం 2010లో తలశ్శేరిలో సర్కస్ అకాడమీ ప్రారంభించినా అది కొన్నేళ్లకే మూతపడింది. చైనా, రష్యా, ఫ్రాన్స్, కెనడా వంటి దేశాలలో మాత్రం సర్కస్ విద్యకు ప్రత్యేక పాఠశాలలు ఉన్నాయి. 1927లో మాస్కోలో మొదలైన సర్కస్ పాఠశాల అందులో పేరెన్నికగన్నది. అక్కడ పిల్లలు చదువుతో పాటు ఈ విద్యనూ అభ్యసించి, పట్టా పుచ్చుకుని వృత్తిలోకి అడుగుపెడతారు.

మన పట్టణాలలో తాడుపై నడిచి పొట్ట పోసుకునే దొమ్మరి కుటుంబాల విద్య ఇదే కోవకు చెందినది. వీధిలో చూసి చిల్లర వేసి ముందుకు సాగడమే తప్ప, ఆ ఒడుపును ఒక పాఠ్యాంశంగా చూసిన వారు లేరు. గడపై మొగ్గ వేసే బాలిక దేహంలో ఉన్నది ఒక జిమ్నాస్టుకు కావలసిన తూకమే. లేనిది ఆమెకు బడి, వల, పట్టా.

రామ్మూర్తి జీవితాన్ని ఏనుగు కథగా చెప్పుకుంటే పిల్లలు నోరు తెరిచి వింటారు, మరునాటికి మరచిపోతారు. తల్లి లేని ఒక అల్లరి పిల్లవానిని పినతండ్రి వ్యాయామశాలలో చేర్చిన కథగా, ఆ యువకుడు ఊరు దాటి వెళ్లి ఒక సంవత్సరం చదివి వచ్చిన కథగా, బడిపంతులు ప్రపంచ విఖ్యాతుడైన కథగా చెప్పుకుంటే అందులో వారు చేయదగిన పని ఒకటి కనిపిస్తుంది. గనిలోకి దిగే కుర్రవానికి శిక్షణ కేంద్రం గుమ్మం ఎలాగో, రామ్మూర్తికి సైదాపేట గుమ్మం అలాంటిది. ఆ గుమ్మం దాటకుండా ఆయనకు ఏ బిరుదూ దక్కలేదు.

ఏటా జనవరి 16న ఆయన వర్ధంతికి విగ్రహాల మెడలో దండలు పడతాయి. బొగ్గు పట్టణాల మైదానాలలో ఉదయాన్నే మొగ్గలు వేసే పిల్లలకు ఒక పరుపు, ఒక కడ్డీ, నేర్పే ఒక గురువు దొరికిన నాడు ఆ వీరునికి అసలైన నివాళి దక్కుతుంది.